పంటి మీద తెల్లరాయి

టక్.

గోడకు అవతల ఒక చిన్న చప్పుడు. రాయి పంటిని తాకిన చప్పుడు.

వాన చినుకు కాదు. గడియారం కాదు. గదిని వేడిచేసే రేడియేటరు చల్లారుతున్నప్పుడు ఇనుము ముడుచుకునే చప్పుడు కూడా కాదు. ఆ చప్పుళ్లన్నీ ఇందుమతికి తెలుసు. ఈ ఐరిష్ ఇళ్లలో లోపలి గోడలు పలచన. ఏ చప్పుడూ వాటి వెనక దాగదు.

టక్... కొంత నిశ్శబ్దం... టక్.

ఆ గదిలో ఆమె కూతురు డెబోరా ఉంది. పదహారేళ్ల పిల్ల. ఆ పిల్ల నోట్లో ఒక తెల్లరాయి ఉంది. నాలుక దాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు దొర్లిస్తుంది. దొర్లేటప్పుడు అది పంటిని తాకుతుంది.

వసంతం వెళ్లిపోయింది. వేసవి వచ్చింది. ఆ నోటి నుంచి వచ్చేది ఇప్పుడు ఆ చప్పుడొక్కటే.

తెలుగు లేదు. ఇంగ్లీషు లేదు. ఏడుపు కూడా లేదు.

టక్.

ప్రభువా, ఆ చప్పుడు ఆపు — అని ఇందుమతి గోడకు నుదురు ఆనించి ప్రార్థిస్తుంది.

*

అన్నిటికంటే ముందు ఒక నది.

తెర మీది నది. డెబోరా పుట్టకముందే ఎవరో స్లొవేనియాలో, మంచు కొండల కింద, ఒక ఆకుపచ్చని నది ఒడ్డున తీసిన సినిమా. కోత మిల్లు యజమాని కూతురు. రాళ్ల క్వారీలో పనికి వచ్చిన కుటుంబపు కొడుకు. ఒక వేసవి. వాళ్లిద్దరూ ప్రేమ అన్న మాటను ఒక్కసారీ పలకరు. ఈదుతారు. తడి జుట్టుతో ఒడ్డున బోర్లా పడుకుంటారు. ఒకరి వీపు మీద ఒకరు చల్లని గులకరాళ్లు పేరుస్తారు.

ఒక ఉదయం క్వారీ మూతపడుతుంది. అతడు లారీ ఎక్కి వెళ్లిపోతాడు. అతడు నిలబడిన చోటి నుంచి ఆ అమ్మాయి ఒక తెల్లరాయి ఏరుకుంటుంది. నోట్లో పెట్టుకుంటుంది.

ఇక మాట్లాడదు.

తల్లి బతిమాలుతుంది. తండ్రి చెయ్యెత్తుతాడు. పాద్రి వస్తాడు, వెళతాడు. రాయి పంటిని తాకుతూనే ఉంటుంది. ఆ సినిమాకు సంగీతం అదే.

చివరి దృశ్యంలో ఆమె మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉంటుంది. మనకు కనిపించేది ఆమె వీపు. తల కొంచెం వంగుతుంది. నీటి హోరు. తెర నల్లబడుతుంది.

రాయిని ఉమ్మేసిందా? మింగేసిందా? నోరు తెరిచి మాట్లాడిందా?

చూసినవాళ్లెవరికీ తెలియదు.

ఆ పాత సినిమాను ఎవరో శుభ్రం చేసి, కొత్త వెలుగునిచ్చి, ఊరూరా మళ్లీ చూపిస్తున్నారు. వాళ్లుండే ములింగార్‌లోని డెబోరా బడికీ అది వచ్చింది. హైస్కూలు నాలుగో ఏడు పిల్లలకు పెద్ద పరీక్షలు లేని ఏడాది. నాటకాలు, ప్రయాణాలు, సినిమాలు. శీతాకాలపు మధ్యాహ్నం, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి చూపించారు.

మరుసటి వారం ఆడపిల్లలందరి బుగ్గల్లో రాళ్లు. ఊరి పక్క సరస్సు ఒడ్డున ఏరుకొచ్చినవి. టీచర్లు వరసగా నిలబెట్టి నోళ్లు తెరిపించారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. నవ్వితే రాళ్లు కింద పడ్డాయి.

డెబోరా కూడా నవ్వింది. రాత్రి భోజనానికి ముందు నాలుక చాపి తల్లికి చూపించింది.

"చూడమ్మా. చప్పగా ఉంది. కొంచెం చల్లగా ఉంది."

"ఛీ! కుక్కలు తిరిగే చోటే అది. కడిగావా?"

"కడిగాను."

"వేడినీళ్లతోనా?"

"నువ్వు ఇంట్లో కూడా నర్సువే."

ఆ మాటలు ఇప్పుడు ఇందుమతి దగ్గర ఉన్నాయి. మాటిమాటికీ బయటికి తీసి చూసుకుంటుంది. చప్పగా ఉంది. చల్లగా ఉంది. కూతురి గొంతులోని తెలుగు... కొంచెం ఐరిష్ గాలి తగిలిన తెలుగు...

వారం తిరిగేసరికి ఆట ముగిసింది. రాళ్లు సరస్సుకు తిరిగి వెళ్లిపోయాయి.

*

ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది.

ఇందుమతి పెట్టిన నియమం. తలుపు లోపలికి వస్తే తెలుగే. ఇంగ్లీషులో అడిగినదానికి జవాబు ఉండదు. దాహమేసినా సరే, మంచినీళ్లను తెలుగులోనే అడగాలి.

ఇతర ఇళ్లలో తల్లులు తెలుగులో పిలుస్తారు, పిల్లలు ఇంగ్లీషులో పలుకుతారు. ఈ ఇంట్లో అలా కాదు. డెబోరా ఇరవైమూడో కీర్తనను చూడకుండా తెలుగులో చెప్పేది. ఆదివారం కూడికలో అందరూ ఇందుమతి వైపు తిరిగి చూసేవారు. ఆ చూపులు ఆమెకు తియ్యగా ఉండేవి.

అన్నం మాటలు నేర్పింది. స్నానం మాటలు నేర్పింది. ప్రార్థన మాటలు, మందలింపు మాటలు, జ్వరం మాటలు.

ఇక ఏ మాటలూ అవసరం లేదనుకుంది.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం. పొయ్యి మీద గోంగూర ఉడుకుతోంది. పక్కన మూకుడులో పోపు. డ్యూటీకి వేళవుతోంది. వెనక తలుపు దగ్గర డెబోరా నిలబడింది. కోటు విప్పలేదు.

"మామ్, కెన్ ఐ టెల్ యూ సంథింగ్?"

ఇందుమతి తిరగలేదు. "తెలుగులో."

"ప్లీజ్, మామ్. ఇట్స్ అబౌట్ టుమారో."

"తెలుగులో చెప్తే వింటాను."

నూనెలో ఎండుమిరపకాయలు నల్లబడుతున్నాయి.

"అమ్మా... నాకు... లోపల..."

"లోపల ఏందే? కడుపునొప్పా? నిన్న ఆ పిజ్జా వద్దంటే విన్నావా?"

మళ్లీ నిశ్శబ్దం. ఈసారి అది పొడుగైనది. అందులో ఒక పిల్ల తనకు తెలిసిన తెలుగంతా వెతుక్కుంటోంది. అన్నం మాటల్లో వెతికింది. జ్వరం మాటల్లో వెతికింది. కీర్తనల్లో వెతికింది.

దొరకలేదు.

"ఐ డోంట్ హావ్ ఇట్ ఇన్ తెలుగు," అంది. "యూ నెవర్ గేవ్ మీ దోజ్ వర్డ్స్."

ఇందుమతి విన్నది.

జవాబు ఇవ్వలేదు. అది ఇంగ్లీషు కాబట్టి.

పోపును గోంగూరలో కలిపింది. గుప్పున ఘాటు లేచింది. దగ్గుతూ వెనక్కి తిరిగేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

*

మరునాడు ఉదయం డ్యూటీ ముగించి వచ్చేసరికి డెబోరా బడికి వెళ్లలేదు. బల్ల దగ్గర కూర్చుని ఉంది. యూనిఫాం మోకాళ్లకు బురద. ఒక బుగ్గ ఉబ్బి ఉంది.

టక్.

"మళ్లీ మొదలెట్టావా ఆ సినిమా పిచ్చి?" అంది ఇందుమతి. నవ్వుతూనే అంది. చెప్పులు విప్పి, మేడెక్కి, పడుకుంది.

సినిమా అనుకుంది.

వారం వరకూ సినిమా అనే అనుకుంది.

ఆ తరువాత భయం మొదలైంది. అన్నం పెడితే డెబోరా రాయిని తీసి, పక్కనున్న చిన్న స్టీలు గిన్నెలో వేస్తుంది. ఠంగ్. తింటుంది. తాగుతుంది. మళ్లీ రాయిని నోట్లో పెట్టుకుంటుంది. టక్. ఆ రెండు చప్పుళ్ల మధ్య ఇందుమతి ఊపిరి బిగబట్టి చూస్తుంది. నోరు ఖాళీగా ఉన్న ఆ కాసేపట్లోనైనా ఒక మాట రాలుతుందేమో...

రాలదు.

తండ్రి స్తెఫనుకు దక్షిణాన, దూరంగా ఉన్న రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీ ఉద్యోగం. వారమంతా అక్కడే గది తీసుకుని ఉంటాడు. శుక్రవారం కారు నడుపుకుంటూ వస్తాడు.

"డ్రామా," అన్నాడు ఫోనులో. "మనం పట్టించుకోకపోతే అదే ఊసేసిద్ది."

"రాత్రి నిద్రలో గొంతుకడ్డం పడితే?"

"నువ్వు నర్సువే గదా. ఏం చేయాలో నీకు తెలవదా?"

తెలుసు. చాలా బాగా తెలుసు. అదే ఆమె నరకం. చిన్న వస్తువు గొంతులోకి జారితే ముందుగా పోయేది చప్పుడు. దగ్గు ఉన్నంతసేపు ప్రాణం ఉంటుంది. ఆ తరువాతి నిశ్శబ్దమే...

శుక్రవారం స్తెఫను వచ్చాడు. కూతురి ఎదుట కూర్చున్నాడు. అరిచాడు. తరువాత బతిమాలాడు. తరువాత లేచి వెళ్లి తోటలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతుంటే ఇందుమతి కిటికీ తెర దించేసింది.

ఆదివారం కూడికలో గిరిజాకుమారి ఆంటీ పెద్దగా నవ్వింది. "నోరు మూసుకున్న పిల్లా! ఎంత అదృష్టవంతురాలివే ఇందూ! మా దాని నోరు మూయించడానికి నేను ఉపవాసముంటున్నాను." అందరూ నవ్వారు. ఇందుమతి కూడా నవ్వింది. నవ్వుతూ డెబోరా చేతిని పట్టుకుంది. ఆ చేయి చల్లగా ఉంది. నదిలోంచి తీసినట్టు.

డాక్టరమ్మ గొంతులోకి టార్చి వేసి చూసింది. గొంతు గ్రాండ్, బాగానే ఉంది అంది. మనసు వైద్యం కోసం పేరు రాసుకుంది. వరస చాలా పొడుగని ముందే చెప్పి, క్షమించమంది.

ఆ రోజు కారులో ఇందుమతి తన నియమాన్ని తానే విరిచేసింది.

"ఇంగ్లీషులో చెప్పమ్మా. నీకు ఎట్లా వస్తే అట్లా చెప్పు. టెల్ మీ. ప్లీజ్. ఐ యామ్ లిజనింగ్."

డెబోరా కిటికీలోంచి బయటికి చూసింది. కాలువ పక్కన హంసలు. కాలువ పక్కన ముళ్లపొదల తెల్లపూలు.

టక్.

*

ఇందుమతి ఆ సినిమాను చూసింది. ఒంటరిగా, కిందిగదిలో, మందుల చీటీలు చదివినట్టు తెర అడుగున అక్షరాలు చదువుకుంటూ. ఆ పిల్ల నోరు ఎప్పుడు తెరుస్తుందో, ఏ మాటకు తెరుస్తుందో తెలుసుకోవాలని చూసింది. తెర మీద తల్లి ఏం చేసినా తాను చేద్దామనుకుంది.

తెర నల్లబడింది.

వెనక్కి తిప్పింది. మళ్లీ నది. మళ్లీ వీపు. మళ్లీ నలుపు.

హాస్పిటల్‌లో అలెంక అనే ఫిజియోథెరపిస్టు ఉంది. స్లొవేనియా మనిషి. ఇన్నేళ్లుగా ఇద్దరూ రోగుల గురించే మాట్లాడుకున్నారు. నడుముల గురించి, మోకాళ్ల గురించి. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఇందుమతి ఆమె ఎదుట కూర్చుంది. సినిమా పేరు చెప్పింది.

అలెంక చెంచా కింద పెట్టింది. తరువాత నోరు తెరిచి, వేలితో చూపించింది. కింది పంటి మూల విరిగి ఉంది.

"మేమందరం," అంది. "నాకు పదిహేనేళ్లు. మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఒక రాయి. ఆ నది ఒడ్డున తెల్లరాళ్లు లేకుండా పోయాయి, ఇందూ. బస్సుల్లో వచ్చి ఏరుకుపోయారు. బేకరీవాడు పంచదారతో తెల్లరాళ్లు చేసి అమ్మాడు. ఇప్పటికీ మా దగ్గర ఎవరైనా దిగులుగా ఉంటే, ముసలివాళ్లు సైతం, ఏమిటి, నోట్లో రాయి పెట్టుకున్నావా అని అడుగుతారు. ఆ మాట ఎక్కడిదో కూడా చాలామందికి గుర్తులేదు."

"నువ్వు ఎట్లా తీశావు?"

"రాయినా?"

"ఏం చేస్తే తీశావు? మీ అమ్మ ఏం చేసింది? చెప్పు."

ఆమె గొంతు క్యాంటీన్ అంతటా వినిపించింది. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. అలెంక ఆమె మణికట్టు మీద చేయి వేసింది.

"మా అమ్మ కొట్టింది. అప్పుడే ఈ పన్ను విరిగింది. రాయిని తీయలేదు. అమ్మ ఏడ్చింది. తీయలేదు. చివరికి ఒక రోజు... ఆమె పక్కగదిలో చిక్కుళ్లు ఒలుచుకుంటోంది. నన్ను పిలవలేదు. తలుపు తట్టలేదు. ఏమీ అడగలేదు. తనలో తానే ఏదో చెప్పుకుంటోంది, తన చిన్నప్పటిది. నేను వింటున్నాను. విని, విని... రాయిని తీసి కిటికీలో పెట్టాను."

"ఆమె లోపలికి వచ్చి ఉంటే?"

అలెంక చెంచాను మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"మళ్లీ నోట్లో పెట్టుకునేదాన్ని."

*

ఒక మధ్యాహ్నం డెబోరా తింటూ తింటూ నిద్రలోకి ఒరిగింది. రాయి స్టీలు గిన్నెలోనే ఉంది. ఇందుమతి మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకుంది.

గులకరాయి కాదు.

నది దాన్ని ఎన్నడూ తాకలేదు. మూలలున్నాయి. అంచులున్నాయి. వెలుగులో మెరిసే పలుకులున్నాయి. ఒక అంచున పలచని ఎరుపు. నది చేయవలసిన పనిని ఒక చిన్న నోరు చేస్తోంది. రోజూ, పగలూ రాత్రీ, ఆ అంచును తన నాలుకతో అరగదీస్తోంది.

ఈ రాయిని ఎక్కడ చూసింది తాను?

ఊరి చివర, రౌండబౌట్ కూడలి పక్కన పాత హోటల్. దాని ముందు కార్లు ఆగే చోటంతా తెల్లరాళ్లు పరిచి ఉంటాయి. కొన్నేళ్లుగా అందులో బస చేసినవాళ్లు ప్రయాణికులు కాదు. యుద్ధం నుంచి వచ్చిన ఉక్రెయిన్ కుటుంబాలు. డ్యూటీకి వెళుతూ వస్తూ రోజూ చూసేది. కిటికీల్లో ఆరేసిన బట్టలు, మెట్ల మీద పిల్లలు.

రెండు నెలలుగా అటు తల తిప్పనేలేదు; ఈరోజు కారు ఆపి దిగింది. ఇప్పుడు బట్టలు లేవు. పిల్లలు లేరు. ఒక ముసలి తోటమాలి పొద కత్తిరిస్తున్నాడు.

"ఏప్రిల్‌లోనే తరలించారమ్మా," అన్నాడు. "పొద్దున్నే బస్సులొచ్చాయి. కొందరిని దక్షిణాన కెర్రీకి, కొందరిని ఉత్తరాన డోనెగాల్‌కి. ఎవరు ఎక్కడికో బస్సు ఎక్కేదాకా వాళ్లకే తెలియదు."

కత్తెర ఆపాడు. ఆమె ముఖంలోకి చూశాడు.

"ఒక పిల్ల వచ్చింది ఆ రోజు. మీవాళ్లలాగే ఉంది. యూనిఫాంలో. డానిలో అని ఒక కుర్రాడు ఉండేవాడు, పొడుగ్గా. నాకు గడ్డి కోసిపెట్టేవాడు, మంచివాడు. ఇద్దరూ అదిగో, ఆ మెట్ల దగ్గర నిలబడ్డారు. బస్సు కదిలాక ఆ పిల్ల దాని వెనక పరుగెత్తింది. రౌండబౌట్ దాకా. పడింది. లేచింది. తిరిగి వచ్చి ఇక్కడ కూర్చుంది. ఏమమ్మా, లోపల ఏమైనా మరిచిపోయావా అని అడిగాను. మాట్లాడలేదు. ఒక రాయి ఏరుకుని వెళ్లిపోయింది."

ఇట్స్ అబౌట్ టుమారో.

ఆ రేపు ఇదే.

ఇందుమతి కారులో కూర్చుంది. తాళం తిప్పలేకపోయింది. పోపు వాసన. ఎండుమిరపకాయలు నల్లబడుతున్న వాసన. కోటు విప్పని పిల్ల. తెలుగులో, అంది తాను. తెలుగులో చెప్తే వింటాను.

స్టీరింగ్ మీద తల పెట్టి అరిచింది. ఏ భాషలోనూ కాదు.

*

జూన్ సాయంత్రం. ఈ దేశంలో జూన్ సాయంత్రాలకు అంతం ఉండదు. పైకప్పు కిటికీలోంచి వెలుగు మెట్ల మీద పడి, కదలకుండా ఉంది.

డెబోరా గది తలుపు మూసి ఉంది. గడియ లేదు. ఇందుమతి తలుపు తట్టలేదు. పిలవలేదు. బయట కార్పెట్ మీద కూర్చుని గోడకు వీపు ఆనించింది.

టక్.

అవతల, అదే గోడకు, బహుశా ఒక చిన్న వీపు.

ఆమె మొదలుపెట్టింది. ఎవరితోనూ కాదన్నట్టు.

"ఇష్టం," అంది. "మొదటిది అది. చాలా చిన్నమాట. అన్నిటికీ వాడతాం. మామిడిపండంటే ఇష్టం అంటాం. అందుకే అది చాలదు."

టక్.

"తరువాత ఆరాటం. వస్తాడో రాడో అని కాలు ఒక చోట నిలవదే, అది. తపన అని ఇంకోటి ఉంది. అది లోపల కాలుతుంది. పైకి పొగ రాదు."

ఈ మాటలను ఆమె ఎన్నడూ పైకి పలకలేదు. పెళ్లినాడు పలకలేదు. పెళ్లయ్యాక పలకలేదు. పుస్తకంలో ఎండిన పూలలా ఉన్నాయి. నోట్లో పెడితే ముక్కలవుతున్నాయి.

"బెంగ. బెంగ నీకు తెలుసు. చిన్నప్పుడు నేను డ్యూటీకి వెళితే నీకు జ్వరం వచ్చేది. బెంగ పెట్టుకుందని నాన్న ఫోను చేసేవాడు. అది పెద్దయ్యాక కూడా వస్తుందమ్మా. పెద్దయ్యాక జ్వరం రాదు. మాట పోతుంది. నేను నీకు ఆ సంగతి చెప్పలేదు."

రాయి చప్పుడు ఆగింది. వింటోంది.

ఇందుమతి కళ్లు మూసుకుంది.

"గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు, చర్చి క్వయర్‌లో తబలా వాయించేవాడు ఒకతను. మాట్లాడింది తక్కువ. ప్రాక్టీసు అయిపోయాక తబలా మీద పౌడరు తుడిచేవాడు, నేను పాటల పుస్తకాలు సర్దేదాన్ని. కావాలని మెల్లగా సర్దేదాన్ని. అంతే. ఒక రోజు అతను రాలేదు. వాళ్లకు వేరే ఊరు బదిలీ. నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ అడిగితే తలనొప్పి అన్నాను. నాక్కూడా ఎవరూ ఆ మాటలు ఇవ్వలేదు, తల్లీ. నువ్వు నోట్లో పెట్టుకున్నావు. నాది నేను మింగేశాను. ఇప్పటికీ లోపలే ఉంది. అది అరగదు."

టక్.

ఒక్కసారి. గట్టిగా. గోడకు దగ్గరగా.

అది జవాబు. ఇందుమతి చేత్తో నోరు మూసుకుంది. ఇక ఊరుకోవాలి... అలెంక తల్లిలా చిక్కుళ్లు ఒలుచుకోవాలి... అడగకూడదు... ఏమీ అడగకూడదు...

అడిగేసింది.

"డానిలో పేరు నాకు తెలుసమ్మా. కెర్రీ అయినా, డోనెగాల్ అయినా, రేపు మనమిద్దరం కారెక్కి వెతుకుదాం. రాయి తీసెయ్యి. ఏ భాషలోనైనా సరే. ఒక్కమాట."

నిశ్శబ్దం.

పైకప్పు కిటికీ మీద వెలుగు కదల్లేదు.

నిశ్శబ్దం.

స్టీలు గిన్నెలో రాయి పడిన చప్పుడు లేదు. కిటికీ గట్టు మీద రాయి పెట్టిన చప్పుడు లేదు. పంటిని తాకిన చప్పుడు లేదు.

ఆమె లేచింది. తలుపు పిడి మీద చేయి వేసింది. పిడి చల్లగా ఉంది.

రాయిని అరచేతిలోకి తీసుకుని, పెదవులు తెరిచి, తొలిమాట కోసం వెతుక్కుంటోందా? ఇప్పుడు తలుపు తెరుచుకుంటే ఆ నోరు మళ్లీ మూసుకుంటుంది.

లేక...

దగ్గు ఉన్నంతసేపు ప్రాణం ఉంటుంది. ఆ తరువాతి నిశ్శబ్దం ఎట్లా ఉంటుందో ఆమె చెవులకు తెలుసు. ఇట్లాగే ఉంటుంది. సరిగ్గా ఇట్లాగే.

పిడి సగం తిరిగింది. ఆగింది.

నీటి హోరులాంటిది ఆమె చెవుల్లో. మోకాళ్ల లోతు నీళ్లలో ఒక వీపు. వంగుతున్న తల.

ఇన్నాళ్లూ ఆగిపొమ్మని వేడుకున్న ఆ చప్పుడు కోసం ఆమె తలుపుకు చెవి ఆనించింది.

టక్ అను, తల్లీ.

ఒక్కసారి. టక్ అను.